సిస్టమ్ అడ్మినిస్ట్రేషన్ శిక్షణ: ముందు ల్యాబ్ చూడండి

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేశాడు. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కావాలంటున్నాడు. అమీర్‌పేటలోని ఒక సంస్థ లినక్స్, విండోస్ సర్వర్, క్లౌడ్, డెవాప్స్ అన్నీ మూడు నెలల్లో నేర్పి, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. చేర్పించవచ్చా?
- ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఆ కోర్సులో చేర్పించవద్దనే నా సలహా. సర్వర్లు ఆగిపోకుండా చూసుకోవడం, యూజర్లకు అనుమతులివ్వడం, బ్యాకప్‌లు తీయడం, ఏదైనా ఆగితే కారణం వెతికి వెంటనే సరిచేయడం ఈ ఉద్యోగంలో నిత్యం ఉండే పనులు కాబట్టి, ముందుగా లినక్స్ (సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్), నెట్‌వర్కింగ్‌లలో పునాది గట్టిపడాలి. ఐపీ అడ్రసింగ్ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్లకు చిరునామాలివ్వడం), డీఎన్‌ఎస్ (వెబ్‌సైట్ పేరును ఆ చిరునామాగా మార్చే ఏర్పాటు) తెలియకుండా క్లౌడ్ (ఇంటర్నెట్ ద్వారా అద్దెకు వాడే సర్వర్లు) నేర్చుకుంటే అది బట్టీ చదువే అవుతుంది.

లినక్స్‌లో రెడ్‌హ్యాట్ కంపెనీ వారి ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికెట్ పరీక్షను లక్ష్యంగా పెట్టుకోమనండి. అందులో టిక్కులు పెట్టే ప్రశ్నలుండవు. సిస్టమ్ మీద పనులు చేసి చూపించి, 300 మార్కులకు 210 తెచ్చుకోవాలి. చేసిన మార్పులు రీబూట్ తర్వాత కూడా నిలవాలి. ఉదాహరణకు, కొత్త డిస్కును మౌంట్ చేసి (వాడకానికి సిస్టమ్‌కు జతచేసి), సిస్టమ్ మొదలైనప్పుడు ఏ డిస్కులు జతచేయాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో దాని వరుసను తప్పుగా రాస్తే, అప్పటికి అంతా సవ్యంగానే కనిపించినా, రీబూట్ చేయగానే సిస్టమ్ పూర్తిగా మొదలు కాకుండా, మరమ్మతు కోసం ఉండే ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోవచ్చు. ఆ స్థితి నుంచి సిస్టమ్‌ను స్వయంగా బయటికి తెచ్చిన కుర్రవాడు ఇంటర్వ్యూలో తడబడడు. ఈ సర్టిఫికెట్‌కు మూడేళ్ల గడువుంటుందని కూడా గుర్తుంచుకోండి.

సంస్థను ఎంచుకునేటప్పుడు సిలబస్ కాగితం కన్నా ల్యాబ్‌ను చూడండి. డెమో క్లాసుకు మీరూ వెళ్లి, ప్రతి విద్యార్థికీ విడిగా వర్చువల్ మెషీన్లు (ఒక కంప్యూటర్‌లోనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే వేరే కంప్యూటర్లు) ఇస్తారా, క్లాసు అయ్యాక కూడా ల్యాబ్ తెరిచి ఉంటుందా అని అడగండి. పరీక్ష ప్రశ్నల డంప్‌లు (అసలు పరీక్షలోంచి బయటికొచ్చిన ప్రశ్నలు, జవాబులు) ఇస్తామనే చోట అసలు చేర్పించకండి. మైక్రోసాఫ్ట్ 2021 జనవరిలోనే నిలిపివేసిన ఎంసీఎస్‌ఏ సర్టిఫికెట్‌ను ఇంకా బోర్డు మీద రాసుకున్నారంటే, అక్కడ పాఠాలు పాతబడ్డాయని అర్థం. విండోస్ వైపు వెళ్లాలనుకునేవారికి ఇప్పుడు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన అజూర్ మీద ఏజెడ్-104 వంటి పరీక్షలున్నాయి. ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను షరతులతో సహా రాతపూర్వకంగా అడగండి. ఆ మాట నమ్మి అప్పు మాత్రం చేయకండి.

ఈ రంగంలో నైట్ షిఫ్టులు, ఆన్‌కాల్ డ్యూటీలు (వేళకాని వేళ పిలిచినా పనికి సిద్ధంగా ఉండటం) మామూలే. ఆ సంగతి అబ్బాయితో ముందే మాట్లాడండి. ఈలోగా 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ వేసుకుని, ఉచితంగా దొరికే రాకీ లినక్స్‌తో రెండు మెషీన్లు తయారుచేసి, ఒకదాని నుంచి మరొకదానికి ఫైళ్లు షేర్ చేయడం, బ్యాకప్ తీసి తిరిగి తెచ్చుకోవడం సాధన చేయమనండి. నెల రోజులు ఇలా చేశాక కూడా అతనికి ఇదే ఇష్టమనిపిస్తే, అప్పుడు మంచి ల్యాబ్ ఉన్న సంస్థలో ఫీజు కట్టండి.