పత్తి చేను పక్కన కాపురం పెట్టిన బిడ్డకు

చిరంజీవి బిడ్డకు, పెద్దబాపు ఆశీస్సులు.

ములుగు దగ్గర చేలను ఆనుకొని ఉన్న ఇంట్లోకి మారినప్పటి నుంచి రాత్రిళ్లు పిల్లల పక్కన మేలుకొనే ఉంటున్నానని రాశావు. భయపడవద్దని చెప్పను. అయితే నీ భయమంతా నాగుపాము మీద ఉంది, నా భయం కట్లపాము మీద.

నాగుపాము పడగ విప్పి బుస కొడుతుంది, రక్తపింజర కాటుకు కాలు వాచిపోతుంది కాబట్టి సంగతి ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు, చాలాసార్లు గాట్లు కూడా కనిపించవు. ఎన్నో ఏళ్లు ఆరోగ్య కార్యకర్తగా తిరిగిన నేనే, ఒక వానాకాలం తెల్లవారుజామున కడుపునొప్పితో, వాంతులతో వచ్చిన పాలివాళ్ల పిల్లవాడికి తిన్నది అరగలేదనుకొని గోలీ ఇచ్చి పంపాను. వాడి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వస్తుంటే గాని నాకు తెలివి రాలేదు. ఆసుపత్రిలో నాలుగు రోజులు యంత్రంతో ఊపిరి ఆడిస్తే బతికాడు. కాబట్టి నిద్ర లేచిన పిల్లలు కళ్లు తెరవలేకపోయినా, మింగలేకపోయినా, గాటు వెతుకుతూ కూర్చోకుండా బయలుదేరు. పడకను మంచం మీదికి మార్చి, దోమతెర అంచులు పరుపు కింద దోపు. వడ్ల బస్తాలు పడుకునే గదిలో ఉంచకు. ఎలుకల వెంట పాము వస్తుంది.

ఈ వారమే దగ్గరి ఆరోగ్య కేంద్రానికి వెళ్లి పాము విషానికి విరుగుడు మందు ఉందో లేదో, రాత్రి డాక్టరు ఉంటారో లేదో అడిగి తెలుసుకో. మొదటి మోతాదు అక్కడే పడితే మంచిది. ఊపిరి ఆడించే యంత్రం అవసరమైతే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి దాదాపు 50 కిలోమీటర్లు పోవాలి.

కాటు పడితే తాడుతో బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. పట్టీలు, ఉంగరాలు తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి, నడిపించకుండా మోసుకుపోవాలి. పామును చంపి తీసుకుపోనక్కర్లేదు. మన దేశంలో ఇచ్చే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగింటికీ కలిపి చేసిందే. డాక్టరు లక్షణాలను చూస్తాడు, రక్తాన్ని గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డ కడుతుందో లేదో చూస్తాడు. చిన్నపిల్లకు పది సీసాల మందెందుకని అడ్డుపడకు. కరిచేది చిన్నపిల్లనని పాము విషం తగ్గించదు గనుక మందు పెద్దలకెంతో పిల్లలకూ అంతే.

మీ అత్తమ్మ పసరు, మంత్రం అంటే వాదించకుండా ఆమెనూ బండిలో ఎక్కించుకో. విషం లేని పాము కరిచినవాడు ఎలాగూ బతుకుతాడు, పేరు మాత్రం మంత్రగాడికి దక్కుతుంది.

ఇంకొక్క మాట. రాత్రిపూట పాము పేరెత్తకుండా ‘పురుగు ముట్టింది’ అనడం మన ఇళ్లలో అలవాటు. 108కు ఫోన్ చేసినప్పుడు మాత్రం పాము అనే చెప్పు.

పెద్దబాపు