ఫ్లూ టీకా: ముందు ఎవరికి, తర్వాత ఎక్కడ

చిరంజీవి శ్రీనుకి,

పెద్దమ్మ దీవెనలు. నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు కుక్కర్ పొయ్యి మీద ఉంది, సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇంటిల్లిపాదికీ ఫ్లూ టీకా అంటే దగ్గర దగ్గర పది వేలవుతోంది, జలుబుకి ఇంత ఖర్చు అవసరమా అని అడిగావు. ఫోన్లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అంటావు, అందుకే రాస్తున్నాను.

ముందు ఆ జలుబు అనే మాట పక్కన పెట్టు. జలుబైతే ముక్కు తుడుచుకుంటూనే ఆఫీసుకి పోతాం. ఫ్లూ అయితే మంచం దిగి బాత్రూమ్ దాకా వెళ్లాలన్నా గోడ పట్టుకోవాలి. టీకా వేయించుకున్నా మామూలు జలుబులు వస్తూనే ఉంటాయి, అప్పుడు "టీకా పనిచేయలేదు" అని నా మీద పడకు. ఫ్లూని కూడా పూర్తిగా ఆపదు. ఆ ఏడాది తిరిగే వైరస్‌కి టీకా బాగా కుదిరితే, డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సినంత ఫ్లూ 40 నుంచి 60 శాతం తగ్గుతుంది. పెద్ద వయసువాళ్లలో ఇంకాస్త తక్కువే. కానీ వాళ్ల విషయంలో మనకి కావలసింది జ్వరం రాకపోవడం కాదురా, వచ్చిన జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగకపోవడం.

2009 మే నెల గుర్తుందా? మన దేశంలో మొదటి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది మన హైదరాబాద్‌లోనే. అమెరికా నుంచి వచ్చిన కుర్రాణ్ని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో ఉంచారు. నేను వేరే ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నాను, అయినా ఆ వారం మా వార్డులో ఎవరు దగ్గినా అందరం తలలు తిప్పి చూసేవాళ్లం. ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూలో అదీ ఒకటి, మనం వేయించుకునే టీకాలో దానికీ వాటా ఉంది.

ఇక డబ్బు లెక్క. అమ్మకి ఒకటి, నీకూ స్వాతికీ చెరొకటి, బుజ్జిగాడికి రెండు. వాడికి రెండెందుకంటే, తొమ్మిదేళ్లలోపు పిల్లలకి మొదటిసారి వేయించేటప్పుడు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి. మొత్తం ఐదు. బయట ఒక్కోటి 1,500 నుంచి 2,000 దాకా ఉంటుంది కాబట్టి నువ్వు చెప్పిన పది వేలు అబద్ధం కాదు. ఒకేసారి అంత తీయలేకపోతే వరస ఇలా పెట్టుకో. ఒక్క డోసుకే డబ్బుంటే అది అమ్మది. అరవై ఆరేళ్లు, షుగరు, పైగా ఆయాసం. మూడు కారణాలూ ఒకే మనిషిలో ఉంటే ఇంక ఆలోచించేదేముంది? తర్వాత బుజ్జిగాడు, వాడికింకా ఐదేళ్లు నిండలేదు. మీ ఇద్దరికీ ఈ ఏడాది కుదరకపోతే కొంపలేం మునగవు. స్వాతి మళ్లీ కడుపుతో ఉంటే మాత్రం ఈ వరస మారిపోతుంది, తననే ముందు పెట్టాలి. ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు, పుట్టే బిడ్డకి మొదటి ఆరు నెలలూ అదే కాపు. ఆరు నెలలు నిండనిదే పసివాళ్లకి ఈ టీకా వేయరు మరి.

నీది వేయించుకునే ముందు ఆఫీసులో ఒకసారి అడుగు. వానాకాలం ముందు చాలా కంపెనీలు క్యాంపు పెట్టి ఉద్యోగులకి ఊరికే వేయిస్తాయి, కొన్ని ఇంట్లోవాళ్లకి కూడా తగ్గింపు ఇస్తాయి. ఆ మెయిల్ వచ్చే ఉంటుంది, నువ్వు చూసుండవు.

సర్కారు దవాఖానాలో ఫ్రీగా దొరకదా అన్నావు. పిల్లలకి వేసే మామూలు టీకాల జాబితాలో ఇది లేదు నాన్నా, అందుకే మీ బస్తీ దవాఖానాలో అడిగినా లేదంటారు. ఆరోగ్యశ్రీ కూడా ఆసుపత్రిలో చేరాక ఆదుకునేదే, టీకాకి కాదు. కాబట్టి ప్రైవేటే గతి. ప్రైవేటులో ఎక్కడ అన్నదే అసలు సంగతి.

రెండేళ్ల కిందట మీ పెదనాన్నని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లాను. పేరెందుకులే. లోపల ఏసీ, గోడకి చేపల తొట్టి. టీకా 1,800 అని ఫోన్లో చెప్పారు. తీరా బిల్లు చూస్తే రిజిస్ట్రేషన్ 200, డాక్టర్ ఫీజు 700, సూది వేసినందుకు 250. డాక్టర్ చూసింది రెండు నిమిషాలు, అదీ కంప్యూటర్ వైపు. మొత్తం 2,950. ముప్పై ఏళ్లు సూదులు వేసిన దాన్ని, నా మొగుడికి సూది వేసినందుకు 250 కట్టి వచ్చాను!

అందుకని ఫోన్లో "టీకా ఎంత" అని అడగొద్దు. "అన్నీ కలిపి, బయటికి వచ్చేసరికి ఎంతవుతుంది" అని అడుగు. నా మాట వింటే మీ వీధిలో పిల్లల డాక్టర్ క్లినిక్ మంచిది. రోజూ పిల్లలకి టీకాలు వేస్తూనే ఉంటారు కాబట్టి సరుకు నిలవ ఉండదు, ఫ్రిజ్ మీద కన్నేసి ఉంచుతారు, పెద్దవాళ్లకీ వేస్తారు. చాలాచోట్ల ఎమ్మార్పీలో కొంత తగ్గిస్తారు కూడా. అడగడానికి మొహమాటపడకు, చీర కొన్నప్పుడు పడతావా?

మెడికల్ షాపులో కొని సంచిలో వేసుకుని వెళ్లి కాంపౌండర్‌తో వేయించడం మాత్రం వద్దు. అక్కడ మిగిలే వందా రెండొందలూ దండగ. ఈ మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. ఎండకి పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకడితే కూడా పాడవుతుందని చాలామందికి తెలీదు. నా ఉద్యోగం కొత్తలో టీకా పెట్టెలో ఐసు ముక్కలు నిండా కుక్కి, ఎంత జాగ్రత్త చేశానో అని మురిసిపోయాను. తెరిచి చూస్తే సీసాలు గడ్డకట్టి ఉన్నాయి. మా సిస్టర్ ఒక్క మాటా అనకుండా అన్నీ పక్కన పడేయించింది. తిట్టినా బాగుండేది.

క్లినిక్‌లో పెట్టె నీ చేతికి ఇమ్మను. ఎక్స్‌పైరీతో పాటు అది ఏ సంవత్సరానిదో కూడా రాసి ఉంటుంది. ఫ్లూ వైరస్ వేషం మారుస్తుంటుంది కాబట్టి టీకాలో ఏముండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు చెబుతుంది, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి. మనకి రెండు రకాలూ వస్తాయి. పోయినేటి సరుకు తక్కువకిస్తామంటే వద్దను. "ఇది నాలుగు వైరస్‌లకి, అది మూడింటికే" అని ఎక్కువ రేటుది అంటగట్టబోతే కూడా తొందరపడకు. ఆ నాలుగోది, యమగాటా అనే బి రకం, 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనిపించలేదు. దాని అవసరం లేదని ఆ సంస్థే చెప్పింది. మూడింటిది చవగ్గా దొరికితే కళ్లు మూసుకుని తీసుకో.

మన దగ్గర ఫ్లూ వానల్లో ఒకసారి, జనవరి నుంచి మార్చి దాకా మరోసారి ముసురుకుంటుంది. టీకా పనిలోకి దిగడానికి రెండు వారాలు పడుతుంది. జూన్ మొదట్లోనే కానిచ్చెయ్, బుజ్జిగాడిది ఇంకా ముందు మొదలుపెట్టు. ఇది ఏటా వేయించాల్సిందే, కాబట్టి అమ్మ పేరున నెలకో 150 పక్కన పెట్టు, పెద్ద బరువనిపించదు.

అమ్మ గుడ్డు ముట్టదు కదా, అడిగితే దాచకుండా చెప్పు. చాలా ఫ్లూ టీకాల వైరస్‌ని కోడిగుడ్లలోనే పెంచుతారు. మందుకి మడేమిటే అని మీ అమ్మమ్మే అనేదని గుర్తు చెయ్యి, ఒప్పుకుంటుంది. ఆ రోజు జ్వరం ఉంటే వాయిదా వెయ్యి. ఇంతకుముందు ఏదైనా టీకాకి ఒళ్లంతా దద్దుర్లెక్కి ఊపిరాడకపోయి ఉంటే డాక్టర్‌కి ముందే చెప్పాలి. వేశాక ఓ అరగంట అక్కడే కూర్చోబెట్టు. రాత్రికి చెయ్యి సలుపుతుంది, ఒళ్లు కాస్త వెచ్చబడొచ్చు. ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది.

ఎడమ చేతికే వేయించు. కుడి చేతికి వేయిస్తే మర్నాడు చపాతీలు ఒత్తలేనని నన్ను తిడుతుంది. నువ్వు వచ్చేటప్పుడు నా గోంగూర పచ్చడి జాడీ మర్చిపోకు, అది మీ ఇంట్లో చేరి రెండేళ్లయింది.

మీ పెద్దమ్మ