మంద వెంట తిరిగే కుక్కకు డ్రై ఫుడ్ కొనేటప్పుడు నేను సంచి మీద చూసేవి

ఉరవకొండ వైపు నుంచి మీరు అడిగిన దానిలో మూడు సంగతులున్నాయి. గొర్రెల మంద వెంట రోజంతా తిరిగే పాతిక కిలోల మగ కుక్క డ్రై ఫుడ్ తింటున్నా చిక్కిపోతోందన్నారు. ప్రోటీన్ ఎక్కువ ఉన్న సంచి కొంటే మన ఎండలకు వేడి చేస్తుందని దుకాణంలో చెప్పారన్నారు. చీనీ (బత్తాయి) తోటలో కాపలా ఉండే రెండో కుక్కకూ అదే తిండి పెట్టవచ్చా అని అడిగారు. కళ్యాణదుర్గం దగ్గర మాకు మా నాయన కాలం నుంచి మంద ఉంది. పద్నాలుగేళ్లుగా కుక్కల తిండి నేనే చూసుకుంటున్నాను. అందులో సగం కాలం సంగటి పెట్టాను, మిగతా సగం డ్రై ఫుడ్ పెడుతున్నాను. అందువల్ల చదివినదాని కంటే చేసి తెలుసుకున్నదే ఎక్కువగా రాస్తున్నాను.

చిక్కిపోవడం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే మా మంద కుక్క కరియకు సరిగ్గా అదే జరిగింది. డ్రై ఫుడ్ మొదలుపెట్టిన ఏడాది దుకాణంలో బాగా అమ్ముడుపోతున్న ఒక సంచి తెచ్చి, దాని వెనుక అచ్చువేసిన పట్టిక ప్రకారం రోజుకు 350 గ్రాములు తూచి పెట్టాను. సంక్రాంతి నాటికి దాని వెన్నుపూసలు చేతికి ఒక్కొక్కటిగా తగలడం మొదలైంది, నడుం దగ్గర రెండు పక్కలా గుంటలు పడ్డాయి. కడుపులో పురుగులేమోనని మందు వేశాను, తేడా రాలేదు. చివరికి పశువైద్యశాలకు కుక్కతో పాటు సంచిని కూడా తీసుకువెళ్లాను. డాక్టరు గారు కుక్కను తడిమి చూసి, సంచిని వెనక్కి తిప్పి, మందుల చీటీ వెనుక ఒక లెక్క వేసి నాకిచ్చారు. ఆ చీటీ ఇప్పటికీ దాచుకున్నాను, ఏ కొత్త సంచి కొన్నా ఆ లెక్కే వేస్తాను.

కుక్క ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా దాని ఒంటికి కొంత శక్తి కావాలి. కిలోల బరువును 0.75 ఘాతానికి లెక్కగట్టి 70తో గుణిస్తే ఆ అంకె వస్తుంది. 25 కిలోల కుక్కకు అది దాదాపు 780 కిలోకేలరీలు. ఇంటి పట్టున ఉండే కుక్కకు దీనికి ఒకటిన్నర రెట్లకు కొంచెం పైన సరిపోతుంది. పొద్దున మంద దొడ్డి దాటింది మొదలు సాయంత్రం మళ్లే దాకా నడిచి, రాత్రి తోడేళ్లు రాకుండా మేలుకుని ఉండే కుక్కకు రెండున్నర రెట్లయినా కావాలి, అంటే దాదాపు 1,950. నేను తెచ్చిన సంచి మీద ప్రోటీన్ 20 శాతం, కొవ్వు 10 శాతం, పీచు 5 శాతం, తేమ 12 శాతం అని ఉంది. ఖనిజాల బూడిద సంచి మీద లేకపోతే 8 శాతం అనుకోవచ్చు. ఇవన్నీ పోగా మిగిలిన 45 శాతం పిండిపదార్థమే. ప్రోటీన్‌కూ పిండిపదార్థానికీ గ్రాముకు 3.5 చొప్పున, కొవ్వుకు గ్రాముకు 8.5 చొప్పున వేస్తే 100 గ్రాములకు 312 కిలోకేలరీలు వచ్చాయి. కరియకు కావలసింది రోజుకు 625 గ్రాములైతే, నేను పెడుతున్నది దానిలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. సంచి మీది పట్టిక ఇళ్లలో పెరిగే కుక్కలను దృష్టిలో పెట్టుకుని వేసిందని నాకు అప్పుడే తెలిసింది.

అలాగైతే అదే తిండిని రెండింతలు పెడితే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు, నాకూ అలాగే తోచింది. వారం రోజులు పెట్టి చూశాను. అంత పిండిపదార్థం ఒకేసారి కడుపులో పడేసరికి కుక్కకు విరేచనం వదులై, రోజుకు నాలుగైదు సార్లు కుప్పలుగా వేసేది, కడుపు బరువుతో నడవలేక మందకు వెనకబడేది. తర్వాత ప్రోటీన్ 30, కొవ్వు 20 ఉన్న సంచి తెచ్చాను. పీచు 3, తేమ 10 చొప్పున అదే లెక్క వేస్తే 100 గ్రాములకు 376 వచ్చింది. రోజుకు 520 గ్రాములతో పని జరిగిపోయింది. నెలన్నరలో నడుం గుంటలు పూడాయి, మలం గట్టిపడి రోజుకు రెండు సార్లకు తగ్గింది.

అందువల్ల పనిచేసే కుక్కకు సంచి కొనేటప్పుడు నేను ముందుగా చూసేది కొవ్వు శాతం, ఆ తర్వాతే ప్రోటీన్. నిదానంగా గంటల తరబడి నడిచే పనిలో కుక్క కండరాలు ప్రధానంగా కొవ్వునే కాల్చుకుంటాయి. అలాస్కాలో ఇడిటరాడ్ పందెంలో దాదాపు 1,600 కిలోమీటర్లు మంచు బండ్లు లాగే కుక్కలకు కొవ్వు బాగా దట్టించిన తిండి పెట్టడానికి కారణం అదే. అర నిమిషం పాటు ప్రాణం పెట్టి పరుగెత్తే గ్రేహౌండ్ సంగతి వేరు, దానికి పిండిపదార్థం ఎక్కువగా పనికివస్తుంది. మన మంద కుక్క పని తీరులో మొదటి రకానికే దగ్గర. అంత చలి గానీ అంత శ్రమ గానీ దానికి లేవు కనుక కొవ్వు 16 నుంచి 20 శాతం, ప్రోటీన్ 26 నుంచి 30 శాతం ఉంటే నా అనుభవంలో చక్కగా సరిపోయింది.

ఇక వేడి చేయడం సంగతి. ఆ మాటను నేను కొట్టిపారేయను. ఏ తిండి అరిగేటప్పుడైనా ఒంట్లో కొంత వేడి పుడుతుంది. ప్రోటీన్ అరిగేటప్పుడు అది అన్నిటికన్నా ఎక్కువ, కొవ్వు అరిగేటప్పుడు అన్నిటికన్నా తక్కువ. కానీ దాన్ని బట్టి ప్రోటీన్ తక్కువున్న చవక సంచి కొనాలనుకోవడం పొరపాటు. కండకు కావలసినంత ప్రోటీన్ ఇచ్చి, మిగతా శక్తిని కొవ్వు నుంచి రాబట్టాలి. మా వైపు మే నెలలో కుక్కను నిజంగా దెబ్బతీసేది నీళ్లు చాలకపోవడం. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, ముఖ్యంగా నాలుక చాపి ఒగర్చడం ద్వారా అది వేడిని వదిలించుకుంటుంది, ఒగర్చిన కొద్దీ ఒంట్లో నీరు పోతుంది. సంగటీ మజ్జిగా తిన్న కుక్కకు తిండిలోనే సగానికి పైగా నీరు వెళ్లేది. డ్రై ఫుడ్‌లో ఉండేది పదో వంతే. తిండి మార్చిన మొదటి వేసవిలో ఈ తేడా నేను గమనించలేదు. ఒకరోజు మధ్యాహ్నం కరియ చింతచెట్టు కింద పడుకుని ఎంత పిలిచినా లేవలేదు, చిగుళ్లు ఎర్రబారి, నోట్లో తీగలు సాగే చొంగ కనిపించింది. గొర్రెలకు తెచ్చిన నీళ్లు పొట్ట కింద, గజ్జల్లో పోసి, తడిగుడ్డతో పాదాలు తుడిచి, నీడలో గంటసేపు కూర్చుంటే తేరుకుంది. అప్పటి నుంచి వేసవిలో గింజలను నీళ్లలో అరగంట నానబెట్టి పెడుతున్నాను. నానిన తిండి ఎండలో త్వరగా పులుస్తుంది కనుక కుక్క వదిలేసినది ఉంచకుండా పారవేయాలి.

పెట్టే వేళ కూడా ముఖ్యమే. పొద్దున మంద బయలుదేరే ముందు కడుపు నిండా పెట్టకూడదు. గుండెభాగం లోతుగా ఉండే జాతులకు తిన్న వెంటనే పరుగెత్తితే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. మీది ముధోల్ వేటకుక్క జాతి కలిసిన కుక్క అన్నారు, ఆ జాతికి గుండెభాగం లోతుగానే ఉంటుంది కనుక ఇది మరీ గుర్తుపెట్టుకోండి. నేను పొద్దున గుప్పెడు వేసి, మంద మళ్లాక గంట విశ్రాంతి ఇచ్చి అసలు తిండి పెడతాను.

పదార్థాల పట్టికలో దేని బరువు ఎక్కువైతే అది ముందు వస్తుంది. చికెన్ అని మొదట రాసి ఉంటే సంబరపడనవసరం లేదు, ఎందుకంటే పచ్చి మాంసంలో 70 శాతం దాకా నీరే ఉంటుంది, ఆ నీటి బరువును కూడా కలిపే లెక్కించారు. చికెన్ మీల్ అంటే నీరు తీసేసి పొడి చేసినది, అది మొదటి రెండు స్థానాల్లో ఉంటే నాకు నమ్మకం కలుగుతుంది. మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, మొక్కజొన్న పిండి అని ఒకే ధాన్యాన్ని మూడు ముక్కలు చేసి రాస్తే, మూడూ కలిపి మాంసాన్ని మించిపోయాయేమో చూడండి. ధాన్యం అసలు లేని ఖరీదైన సంచుల మీద నాకు మోజు లేదు. బఠానీ, పప్పులు ఎక్కువగా వేసిన అలాంటి తిండికీ కుక్కల గుండె జబ్బుకూ సంబంధముందా అని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో పరిశీలన మొదలుపెట్టింది. సంపూర్ణ సమతుల ఆహారం అన్న మాట, అది ఏ వయసుకో కూడా సంచి మీద ఉండాలి. అనుబంధ ఆహారం అని ఉంటే దాన్ని ఒక్కదాన్నే పెట్టకూడదు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్ముతున్నాను. నాలుగేళ్ల కిందట డబ్బు కలిసివస్తుందని ఒక దుకాణంలో తెరిచిన సంచి నుంచి విడిగా తూచి అమ్మే తిండి పది కిలోలు తెచ్చాను. కరియ వాసన చూసి మూతి తిప్పుకుంది. చిన్నది, మా గంగ, ఆకలి మీద తినేసింది. ఐదారు రోజులు తిన్నాక వాంతులు మొదలయ్యాయి, తర్వాత కళ్లలో తెల్లగుడ్డు, చిగుళ్లు పసుపుపచ్చగా మారాయి. కాలేయం దెబ్బతిన్నదని, బూజు విషం అయి ఉండవచ్చని డాక్టరు గారు అన్నారు. సంచి అడుగున మిగిలిన గింజలను ఎండలో పరిచి చూస్తే కొన్నింటి మీద బూడిద రంగు నూగు ఉంది, పాత నూనె కంపు కొట్టింది. గంగ బతికింది గానీ ఆ తర్వాత ఎన్నడూ మంద వెంట పూర్తి రోజు నడవలేదు. దాని వంక చూసినప్పుడల్లా ఆ పది కిలోలు గుర్తుకొస్తాయి.

ఈ బూజు మన అనంతపురం జిల్లాకు కొత్తది కాదు. కాయ ఊరే సమయంలో వాన ముఖం చాటేస్తే వేరుశనగకు పట్టే ఆస్పర్జిల్లస్ బూజు నుంచే అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో వేరుశనగ చెక్క తిన్న టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చిపోయినప్పుడే ఈ విషం సంగతి లోకానికి తెలిసింది. మొక్కజొన్నకూ ఇది పడుతుంది. 2020 చివర్లో అమెరికాలో ఈ విషమున్న డ్రై ఫుడ్ తిని 70కి పైగా కుక్కలు చనిపోయాయి. గింజను వేయించినా ఉడికించినా విషం పూర్తిగా పోదు. కాబట్టి దొడ్డిలో మిగిలిన పాత శెనక్కాయ చెక్కను గానీ, బూజు పట్టిన మొక్కజొన్నను గానీ కుక్క తిండిలో కలపవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. సీలు తెంచని సంచే కొనండి, తయారైన తేదీ చూడండి, నెలలో అయిపోయేంత పరిమాణమే తెచ్చుకోండి. కొవ్వు ఎక్కువున్న తిండి వేడికి త్వరగా చెడి పాత నూనె కంపు కొడుతుంది కనుక రేకుల షెడ్డులో పెట్టవద్దు. నేను సంచిని సంచి పళంగా మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో దించి, ఇంట్లో చల్లని మూల ఉంచుతాను. ఏదైనా తేడా వస్తే బ్యాచ్ నంబరు చేతిలో ఉంటుంది.

ఏ కంపెనీది కొనాలని కూడా మీరు అడగవచ్చు. పెడిగ్రీ, రాయల్ కానిన్, డ్రూల్స్, ఫార్మినా వంటివి అనంతపురంలో దొరుకుతాయి గానీ, ఒకే కంపెనీ పేరు మీద రకరకాల కొవ్వు శాతాలతో సంచులు ఉంటాయి కనుక పేరు చెప్పి లాభం లేదు. ధరను కూడా కిలోకు కాకుండా కేలరీలకు లెక్కగట్టండి. పైన చెప్పిన రెండు సంచుల్లో మొదటిది కిలోకు 3,120, రెండోది 3,760 ఇస్తుంది. అంటే రెండోది 20 శాతం ఎక్కువ ధర పలికినా ఖర్చు సమానమే.

తిండి మార్చేటప్పుడు పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా పెంచుతూ పది రోజులు తీసుకోండి. ఆ తర్వాత పదిహేను రోజులకొకసారి పక్కటెముకల మీద అరచేయి ఆనించి చూడండి. తేలికగా తగులుతూ, కంటికి మాత్రం గట్టిగా కనిపించకుండా ఉంటే మోతాదు సరిపోయినట్టే. మంద దొడ్డిలోనే ఉండే వానాకాలపు రోజుల్లో మూడో వంతు తగ్గించండి.

తోటలో ఉండే రెండో కుక్కకు 20 శాతం కొవ్వు సంచి వద్దు. పగలంతా గొలుసుతో ఉండి, రాత్రి అడవి పందులు వచ్చినప్పుడే పరుగెత్తే కుక్క దాన్ని తింటే ఒళ్లు చేసి కీళ్లు నొప్పులు పడుతుంది. దానికి ఆ 20, 10 అంకెల మామూలు సంచే మంచిది, పట్టికలో ఉన్నంత మోతాదే చాలు. వారానికి రెండు ఉడికిన గుడ్లు వేస్తే ఇష్టంగా తింటుంది.