పోయెమ్ ఆపరేషన్ మధ్యలో మళ్లీ కొలతలు ఎందుకు?

ప్రశ్న: మా ఆయనకు 46 ఏళ్లు. రెండేళ్లుగా ముద్ద దిగడం లేదు. సంగటి ముద్ద మింగాక చెంబెడు నీళ్లు తాగి, లేచి నిలబడి భుజాలు వెనక్కి విరిస్తే గానీ కిందికి పోదు. రాత్రి పడుకుంటే తిన్నది నోట్లోకి వచ్చి దిండు తడుస్తుంది. 9 కిలోలు తగ్గారు. అకలేషియా అని, పోయెమ్ చేయాలని చెప్పారు. ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే, ఆహారనాళంలో ఒత్తిడి కొలిచే మానోమెట్రీ అన్నీ అయ్యాయి. అయినా ఆపరేషన్ మధ్యలో బెలూన్ పెట్టి కొలుస్తారట. ఎందుకు?
– ఒక గృహిణి, తిరుపతి

జవాబు: అమ్మా, రెండేళ్లుగా మీవారు ప్రతి ముద్దకూ పడుతున్న అవస్థ మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. ఆహారనాళం చివర, పొట్టలోకి తెరుచుకునే చోట ఒక కండరం బిగుసుకుని ఉంటుంది. మింగగానే అది వదులై దారివ్వాలి. ఆ పని చేయించే నరాల కణాలు దెబ్బతిన్నందువల్ల అది వదులు కావడం లేదు. అకలేషియా అంటే ఇదే. పోయెమ్‌లో నోటి ద్వారా ఎండోస్కోప్ పంపి, ఆహారనాళం లోపలి పొర కింద సొరంగంలా దారి చేసుకుని, ఆ కండరాన్ని కోస్తారు. పొట్ట మీద గాటు ఉండదు. 2008లో జపాన్ డాక్టర్ ఇనౌయె మొదలుపెట్టిన పద్ధతి ఇది.

ఇప్పటిదాకా చేసిన పరీక్షలు జబ్బేమిటో తేల్చాయి. కోశాక దారి ఎంత వదులైందో మాత్రం అవి చెప్పలేవు. కోత చాలకపోతే ముద్ద మళ్లీ అడ్డం పడుతుంది. మరీ వదులైతే పొట్టలోని యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. అందుకే సన్నని గొట్టానికున్న బెలూన్‌ను అక్కడ ఉంచి సెలైన్ నింపుతారు. బిగుసుకున్న చోట అది డమరుకం నడుములా నొక్కుకుపోయి స్క్రీన్ మీద కనిపిస్తుంది. కోత పడ్డాక ఆ నడుము విచ్చుకుంటుంది. అక్కడి వైశాల్యాన్ని బెలూన్‌లోని ఒత్తిడితో భాగిస్తే ఒక అంకె వస్తుంది. అకలేషియాలో అది సాధారణంగా 2 కంటే తక్కువ. కోశాక 4.5 నుంచి 8.5 మధ్యకు రావాలని చాలామంది సర్జన్లు చూస్తారు. రాకపోతే అప్పుడే ఇంకొంచెం కోయవచ్చు, రెండోసారి థియేటర్‌కు వెళ్లే అవసరం తగ్గుతుంది.

బెలూన్ ఎంత నింపారన్నదాన్ని బట్టి, మత్తును బట్టి ఆ అంకె కాస్త మారుతుంది. కాబట్టి దాని ఒక్కదాని మీదే నిర్ణయం తీసుకోరు, డాక్టర్ అనుభవం కూడా కావాలి. ఈ మెషిన్ లేని చోటా మంచి ఫలితాలు వస్తున్నాయి. దాని కోసమని ఆపరేషన్ వాయిదా వేసుకోవద్దు.

నాకు ఇంతకంటే ఎక్కువ టెన్షన్ దిండు తడవడం గురించి. నాళంలో నిలిచిన తిండి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. ఇప్పటినుంచే రాత్రి భోజనం పెందలాడే ముగించి, మంచం తలవైపు ఎత్తు చేయండి. ఆపరేషన్‌కు ముందు ఎన్ని రోజులు ద్రవాహారం మీదే ఉండమన్నారో అన్ని రోజులూ ఉండాలి. 'ఒక్క ముద్దే కదా' అని పెట్టకండి. మత్తు ఇచ్చేటప్పుడు అదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఆపరేషన్ తర్వాత జ్వరం, తీవ్రమైన ఛాతీ నొప్పి, మెడ దగ్గర ఉబ్బు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. పోయెమ్ తర్వాత కొందరికి మంట తెలియకుండానే యాసిడ్ పైకి వస్తుంటుంది. బాగానే ఉందని యాసిడ్ తగ్గించే మాత్రలు మానేయకుండా, చెప్పిన రోజుకు ఎండోస్కోపీకి రండి. కోతకు ముందు, తర్వాత వచ్చిన అంకెలు డిశ్చార్జ్ సమ్మరీలో రాయించుకోండి. రేపు మళ్లీ ముద్ద పట్టేస్తే, వేలూరు వెళ్లినా హైదరాబాద్ వెళ్లినా అక్కడి డాక్టర్ మొదట అడిగేవాటిలో అవీ ఉంటాయి.