పిల్లల స్కీ బూట్ల కింద తొడుగులు: కొనాలా, వద్దా?

ఏడేళ్ల బాబుతో జనవరిలో గుల్మార్గ్ వెళ్తున్నామనీ, స్కీ బూట్ల అడుగున తగిలించే రబ్బరు తొడుగులు కొంటే వాడు జారకుండా నడుస్తాడా, లేక డబ్బు దండగా అనీ అడిగారు. మాది ఒడిశాలోని బరంపురం. చలికాలంలో ఇక్కడివాళ్లం మంచు చూడాలంటే దారింగబాడి వెళ్తాం. అక్కడ కనిపించేది కూడా తెల్లవారుజామున గడ్డి మీద పేరుకునే సన్నని తెల్లటి పొరే. అందుకని నా అనుభవం మొత్తం ఒక్క ప్రయాణం, ఇద్దరు పిల్లలు, నాలుగు తొడుగులు.

డెన్వర్‌లో ఉండే మా మరదలు తన పిల్లలకు బిగుతైపోయిన రెండు జతల బూట్లు తెచ్చి ఇచ్చింది. తొడుగులు నేను ఆన్‌లైన్‌లో తెప్పించాను. యాక్‌ట్రాక్స్ వాళ్ల స్కీట్రాక్స్, సీరస్ వాళ్ల క్యాట్ ట్రాక్స్ అని పేరున్నవి ఉన్నాయి కానీ నేను పిసినారితనంతో చవకవి తీసుకున్నాను. మొదటి తప్పు అది కాదు లెండి, కొలత. పాప మామూలు చెప్పుల నంబరు చూసి చిన్న సైజు పెట్టాను. వచ్చాక ఎంత లాగినా మడమ దాకా రాలేదు. పాప పాదం 21 సెంటీమీటర్ల పైచిలుకు, బూటు అడుగు మాత్రం 255 మిల్లీమీటర్లు! ఆ అంకె బూటు పక్కన, మడమ దగ్గర అచ్చుపోసే ఉంటుంది. తొడుగు సైజు చూడాల్సింది దానితోనే. ఇంకో మాట, చిన్నపిల్లల బూట్లకు ముందూ వెనకా ఉండే అంచుల కొలతలు పెద్దవాళ్ల బూట్ల కొలతలకు వేరు. స్కీ బూట్లకున్న ఐఎస్ఓ 5355 అనే అంతర్జాతీయ ప్రమాణంలో పెద్దల అడుగు ‘ఏ’ రకం, పిల్లలది ‘సి’ రకం. పెద్దల తొడుగుల్లో అన్నిటికన్నా చిన్నది పిల్లలకు సరిపెడదామని మాత్రం చూడకండి.

సరైన సైజు వచ్చాక మేడ మీద పరీక్ష పెట్టాను. గచ్చు మీద బకెట్టు నీళ్లు పోసి పిల్లలిద్దరినీ నడిపించాను. తొడుగులు లేకుండా నాలుగడుగులు వేసేసరికి బాబు పిట్టగోడ పట్టుకున్నాడు. ఆ అడుగు గట్టి ప్లాస్టిక్కు, చెక్కపలకలా వంగదు. తొడుగులతో శబ్దం తగ్గింది, పట్టు వచ్చింది. మా అమ్మ చూసి “గుర్రానికి లాడాలు కొట్టినట్టుందిరా” అంది. ఒడియా బడిలో చదివే మావాడు దానికి “జోతాకు జోతా” అని పేరు పెట్టాడు, చెప్పుకు చెప్పు అని. ఇప్పటికీ ఇంట్లో అదే పేరు.

గుల్మార్గ్‌లో సంగతి వేరు. హోటల్ మెట్లు, సిమెంటు బాట, గండోలా (కేబుల్ కారు) దగ్గర తడి నేల, వీటి మీద తొడుగులు బ్రహ్మాండంగా పనిచేశాయి. తొక్కి గట్టిపడిన మంచు మీద పర్వాలేదు. కానీ పొద్దున్నే రోడ్డు మీద అద్దంలా గడ్డకట్టిన చోట పాప తొడుగులతోనే జారి కూర్చుంది. నావాటికి ఇనుప ముళ్లు లేవు, గట్టి ఐసు మీద ఉత్తి రబ్బరు ఏం పట్టుకుంటుంది? అలాంటి చోట చెయ్యి పట్టుకుని నడిపించడమే.

అసలు చికాకు తొడగడంలో ఉంది. మన మేడ మీద సాగిన రబ్బరు ఆ చలికి బిరుసెక్కుతుంది. చేతి తొడుగులు తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి, తీయకపోతే పట్టు దొరకదు. బూటు అడుగున అంటుకున్న మంచును ముందు గీకేయాలి. నేను గీకకుండా తొడిగాను, పది అడుగులకే మడమ వైపు ఊడిపోయి తోకలా వేలాడింది. ఏడేళ్ల పిల్లాడు సొంతంగా వేసుకోలేడు, ప్రతిసారీ మీరే మోకాళ్ల మీద కూర్చోవాలి. స్కీ మీద నిలబడే ముందు తీసేయడం మరవకండి, తొడుగు ఉంటే బూటు బైండింగులో, అంటే బూటును స్కీకి బిగించి పట్టుకునే అమరికలో, కూర్చోదు. తీసినవాటిని జేబులో కుక్కకుండా ఒకదానికొకటి తగిలించి నడుముకు కట్టుకోండి. మేము నాలుగు తీసుకెళ్లి మూడు తెచ్చుకున్నాం.

ఇక కొనాలా అంటే, బూట్లు సొంతవైతే కొనండి. జారడం కంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. పడినప్పుడు బైండింగు సమయానికి వదిలితేనే కాలు మెలిపడకుండా బయటపడుతుంది. సిమెంటు మీద నడిచి నడిచి బూటు అంచులు అరిగి గుండ్రంగా తయారైనా, వాటిలో ఇసుక ఇరుక్కున్నా ఆ వదలడం తేడా కొడుతుంది. పాత బూట్లు తీసుకునేటప్పుడు ఆ అంచుల మీద వేలితో రాసి చూడండి, పదును పోయి ఉంటే వద్దనండి.

అక్కడే అద్దెకు తీసుకుంటే, బస నుంచి వాలు దాకా ఎంత నడవాలో ముందు కనుక్కోండి. దగ్గరే అయితే మామూలు మంచు బూట్లతో నడిపించి, స్కీ బూట్లు వాలు దగ్గరే తొడగండి. మూడో రోజు నుంచి మేము చేసింది అదే. స్కీ బూట్లతోనే నడవక తప్పని చోట పై పట్టీలు వదులు చేస్తే వాడికి చీలమండ కాస్త వంగుతుంది. అద్దె బూట్ల పొడవు మీకు ముందే తెలియదు కాబట్టి బరంపురంలో కూర్చుని నేను చేసినట్టు ఊహించి తొడుగులు మాత్రం తెప్పించకండి.