పైకప్పు దించిన ట్రక్కుకు వైపర్లు

ప్రశ్న: టెక్సస్‌లో 1951 ఫోర్డ్ ఎఫ్-1 పికప్ కొన్నాను. పాత యజమాని పైకప్పును మూడంగుళాలు కోసి దించాడు, వైపర్లు పీకేశాడు. ఒరిజినల్‌వి బిగించవచ్చా?

జవాబు: వద్దు బాబూ. అద్దం ఎత్తు తగ్గింది కాబట్టి పాత బ్లేడు పైన రబ్బరుకు కొట్టుకుంటుంది. పైగా అవి ఇంజిన్ వాక్యూమ్‌తో, అంటే ఇంజిన్ గాలి పీల్చే బలంతో నడిచేవి. వానలో ఎత్తు ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే వాక్యూమ్ పడిపోయి, సరిగ్గా అవసరమైనప్పుడే నీరసిస్తాయి. నేనైతే స్వీప్ (బ్లేడు ఊగే మేర) మార్చుకునే వీలున్న ఎలక్ట్రిక్ మోటారే పెడతాను. కొనేముందు బ్యాటరీ చూడండి: ఆ బండికి కంపెనీ ఇచ్చింది 6 వోల్టులు, అదీ పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ ప్లస్ కొసను బండి బాడీకి కలపడం). తర్వాత ఎవరైనా 12కి మార్చారేమో! మోటారు దానికి సరిపోవాలి. ముందు వైపర్ ఆర్ముకు బ్లేడు బదులు అట్టముక్క కట్టి చేత్తో తిప్పండి. అంచులకు తగలని పొడవే మీ బ్లేడు. అద్దం తడిపాకే మోటారు ఆన్ చేయండి.