ఊపిరితిత్తుల్లో నీరు సరే, ముక్కులో నూనె ఎందుకమ్మా?

ప్రశ్న: మా బాబుకి 12 రోజులు. ముహూర్తం చూసుకుని, నొప్పులు రాకముందే 37 వారాలకి సిజేరియన్ చేయించుకున్నాం. పుట్టగానే ఆయాసపడితే ఊపిరితిత్తుల్లో నీరుందని రెండు రోజులు ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంచారు. ఉమ్మనీరు మింగేశాడా? ముందు ముందు ఉబ్బసం వస్తుందా? ఇప్పుడు బాగానే ఉన్నాడు, ముక్కు గురగురలాడితే అత్తయ్య కొబ్బరినూనె చుక్కలు వేస్తున్నారు.

జవాబు: మింగడం వల్ల కాదమ్మా. కడుపులో ఉన్నన్నాళ్లూ ఏ బిడ్డకైనా ఊపిరితిత్తుల నిండా నీరే, అదీ ఊపిరితిత్తుల్లోనే ఊరే నీరు. నొప్పులు మొదలయ్యాక బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ లాంటి హార్మోన్లు పెరిగి, అంతవరకూ నీరు ఊరించిన పొరే దాన్ని పీల్చేయడం మొదలుపెడుతుంది, పుట్టాక మొదటి ఏడుపులకి గాలి లోపలికి వెళ్లి మిగతా నీటిని పక్కకి తోస్తే అది మెల్లగా రక్తంలో కలిసిపోతుంది. నొప్పులు రాకుండా బయటికి తీస్తే ఈ పని ఆలస్యమవుతుంది. మీ బాబుకి బహుశా జరిగిందిదే, రిపోర్టులు చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పను. ఉబ్బసం గురించి ఇప్పట్నుంచే టెన్షన్ వద్దు, ఇలాంటి పిల్లల్లో ఎక్కువమంది మామూలుగానే పెరుగుతారు. తొందరపడాల్సిన వైద్య కారణం లేనప్పుడు 39 వారాలు నిండాకే ముహూర్తం అడగాల్సింది, పంతులుగారు వారాలు లెక్కపెట్టరు కదా.

నన్ను భయపెట్టింది మీ ప్రశ్నలో ఆఖరి మాట, ఆ కొబ్బరినూనె చుక్కలు. నీరైతే ఒళ్లు పీల్చుకుంటుంది, నూనె అలా ఇంకదు. ముక్కులో వేసిన చుక్క దగ్గు కూడా రానివ్వకుండా ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడే ఉండిపోయి ఒక రకం న్యుమోనియా తేవచ్చు, దానికి యాంటీబయాటిక్స్ పనిచేయవు. మీ అత్తగారు ప్రేమతోనే వేస్తున్నారు, తెలుసు. అయినా ఈ రోజే ఆపేయండి. ఈ వయసులో ముక్కు రంధ్రాలు సన్నగా ఉంటాయి, పాలు బాగా తాగుతుంటే గురగుర చాలావరకు మామూలే, మరీ ఇబ్బందైతే మీ డాక్టరునడిగి సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వాడొచ్చు.

బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు ఒక నిమిషం మొత్తం ఊపిరి లెక్కపెట్టండి. 60 దాటినా, డొక్కలెగరేస్తున్నా, మూలుగుతున్నా, పాలు వదిలేసినా, పెదాలు నీలంగా మారినా అర్ధరాత్రైనా సరే తీసుకెళ్లండి, తెల్లారనిద్దాం అనుకోవద్దు. ఇవేవీ లేకపోయినా ఒకటి రెండు రోజుల్లో పిల్లల డాక్టరుకి చూపించి నూనె సంగతి చెప్పండి. తిడతారని చాలామంది అదొక్కటే దాస్తారు.